పాఠం 14: మధుమేహం రాకముందే

14.1 ఉపోద్ఘాతం

కిందటి పాఠంలో మలేరియా, క్షయ వంటి వ్యాధుల గురించి చదివారు. అటువంటి వ్యాధులను అరికట్టాలంటే ఊరంతా పూనుకోవాలని వేరే చెప్పనక్కరలేదు. దోమ ఒక ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోదు కదా! మరి ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బు సంగతేమిటి? మధుమేహం అంటువ్యాధి కాదు. అది ఎవరికి వచ్చిందో వారి సొంత వ్యవహారం అనుకోవడం మనకు అలవాటు. వచ్చాక మందులు ఎవరికి వారే మింగాలి, నిజమే. రాకుండా చూసుకోవడం మాత్రం ఒంటరిగా అంత తేలిక కాదు.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు రెండవ రకం మధుమేహం ఎలా మొదలవుతుందో వివరించగలుగుతారు. మీ ఇంట్లోవారికి దాని ముప్పు ఎంత ఉందో ఒక టేపు, ఒక కాగితం సహాయంతో లెక్కకట్టగలుగుతారు. మన దేశంలో జరిగిన నివారణ ప్రయత్నాలను పోల్చి, ఏది ఎంతవరకు ఫలించిందో చెప్పగలుగుతారు.

14.2 శరీరంలో జరిగేదేమిటి?

మనం తిన్న అన్నం, రొట్టె, దుంపలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరతాయి. ఈ గ్లూకోజును ఎక్కువగా వాడుకునేవి మన కండరాలు. రక్తాన్ని కాలువ అనుకుంటే కండరాలు ఆయకట్టు పొలాలు. కాలువలో నీరున్నంత మాత్రాన పొలం తడవదు, తూము ఎత్తాలి. ఆ తూము ఎత్తే పని ఇన్సులిన్‌ది. దీన్ని క్లోమం తయారుచేస్తుంది.

మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ తయారీయే దాదాపుగా ఆగిపోతుంది. ఇది ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో కనబడుతుంది. దీన్ని ఆహారంతోనూ నడకతోనూ ఆపలేం. ఈ పాఠంలో చెప్పబోయేదంతా రెండవ రకం గురించి. ఇందులో ఇన్సులిన్ ఉంటుంది కాని తూములు బిగుసుకుపోయి ఉంటాయి. పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు పేరుకోవడం, కండరాలకు పని లేకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. తూము సరిగా లేవకపోవడంతో క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొచ్చి చివరికి అలసిపోతుంది. అప్పుడు రక్తంలో గ్లూకోజు నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా కూడా కొంత గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. నడక మంచిదని డాక్టర్లు ఊరికే అనరు. బరువు తగ్గినా తగ్గకపోయినా నడకవల్ల లాభం ఉండటానికి ఇదొక కారణం.

పరగడుపున రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గాని, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటల తరువాత 200 గాని, అంతకు మించి గాని ఉంటే దాన్ని మధుమేహంగా లెక్కిస్తారు. రెండు గంటల పరీక్షలో 140 నుంచి 199 మధ్య ఉన్నవారు గట్టు మీద ఉన్నవారు. దీన్ని మధుమేహ పూర్వదశ అంటారు. ఈ దశలో నొప్పి లేదు, నీరసం లేదు, ఏ లక్షణమూ లేదు. అందుకే చాలామందికి తాము గట్టు మీద ఉన్నామన్న సంగతే తెలియదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లు, పూర్వదశలో ఉన్నవారు సుమారు 13.6 కోట్లు. రెండో సంఖ్య పెద్దదని గమనించారా? నివారణ కార్యక్రమాలు ఉద్దేశించింది వీరినే.

14.3 ముప్పును లెక్కకట్టడం

ఇన్ని కోట్ల మందికి రక్తపరీక్ష చేయించడం ఖర్చుతో కూడిన పని. అందుచేత చెన్నైలోని డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఒక సులువైన లెక్కను ప్రకటించింది. దీనికి సూది అక్కరలేదు. వయస్సు 35 లోపు అయితే సున్న, 35 నుంచి 49 వరకు 20, 50 దాటితే 30 మార్కులు. నడుం చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లలోపు, పురుషులకు 90లోపు ఉంటే సున్న. ఆ పైన మరో పది సెంటీమీటర్ల వరకు 10, అదికూడా దాటితే 20. క్రమంగా వ్యాయామం చేస్తూ ఒళ్లు వంచి పనిచేసేవారికి సున్న, ఈ రెంటిలో ఒక్కటే ఉన్నవారికి 20, రెండూ లేనివారికి 30. తల్లిదండ్రుల్లో ఒకరికి మధుమేహం ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గాని, అంతకు మించి గాని వస్తే ముప్పు ఎక్కువని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడకు 45 ఏళ్లు. ఇంట్లోనే కుట్టుమిషను మీద పని. నడుం 86 సెంటీమీటర్లు. వాళ్లమ్మకు షుగర్ ఉంది. లెక్క కట్టండి: 20, 10, 30, 10. మొత్తం 70. ఆమె రోజూ వ్యాయామం మొదలుపెడితే 60 అవుతుంది. నడుం కూడా 80 లోపుకు వస్తే 50. వయస్సును, వాళ్లమ్మ జబ్బును ఎవరూ మార్చలేరు. మిగిలిన రెండూ మాత్రం ఆమె చేతిలో ఉన్నాయి.

చేతిలో ఉన్నాయని రాయడం సులభమే. తెల్లవారుజామున నడవాలంటే ఆవిడ పంపు దగ్గర నీళ్లు ఎప్పుడు పట్టాలి? ఒక్కతే రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిస్తే వీధిలోవాళ్లు ఏమంటారు? అన్నం తగ్గించి కూర పెంచుదామంటే పళ్లెం నిండా అన్నం లేకపోతే భోజనమే కాదనే మామగారు ఇంట్లో ఉన్నారు. పెళ్లికి పోతే లడ్డు వద్దనడం మర్యాద కాదు. "మీరు జాగ్రత్తగా ఉండండి" అని చీటీ మీద రాసిచ్చే సలహా ఈ ఇబ్బందుల్లో ఒక్కదాన్నీ తీర్చదు. పదిమంది కలిసి నడిస్తే మాత్రం వీధికి అలవాటైపోతుంది.

14.4 ఆపడం సాధ్యమేనా?

సాధ్యమేనని మొదట గట్టిగా చూపినవాటిలో చైనాలోని డా చింగ్ పట్టణం ఒకటి. అక్కడ 1986లో పూర్వదశలో ఉన్న 577 మందితో ప్రయోగం మొదలైంది. ఆరేళ్లలో, ప్రత్యేక సలహా లేకుండా వదిలిన వర్గంలో నూటికి 68 మందికి మధుమేహం వచ్చింది. ఆహారం, వ్యాయామం మార్చుకున్న వర్గాల్లో 41 నుంచి 46 మందికే వచ్చింది. తరువాత ఫిన్లాండ్‌లోను, అమెరికాలోను జరిగిన అధ్యయనాలు ముప్పు 58 శాతం తగ్గిందని చూపాయి.

వాళ్ల తిండి వేరు, వాళ్ల శరీరాలు వేరు, మనవాళ్లకు పనిచేస్తుందా అని సందేహం రావచ్చు. ఆ సందేహానికి జవాబు చెన్నై నుంచి వచ్చింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని నాలుగు వర్గాలు చేసి మూడేళ్లు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఒక వర్గానికి మామూలు సలహా మాత్రమే. ఒక వర్గానికి రోజుకు కనీసం అరగంట నడక, తీపి, కొవ్వు, పొట్టు తీసిన ధాన్యాల తగ్గింపు. ఇంకో వర్గానికి మెట్‌ఫార్మిన్ మాత్ర. చివరి వర్గానికి రెండూ. మొదటి వర్గంలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. మిగిలిన మూడింటిలో 39 నుంచి 41 మందికి. మాత్ర, నడక రెండూ కలిపినా నడక ఒక్కదానికంటె అదనపు లాభం కనబడలేదు! పైగా ఆహారం, నడక మార్చుకున్నవారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, అయినా ఫలితం వచ్చింది. బరువు దిగలేదని నిరుత్సాహపడి నడక మానేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

14.5 నెయ్యాట్టింకర అనుభవం

చెన్నై ప్రయోగంలో సలహా చెప్పింది వృత్తి నిపుణులు. దేశంలో 13 కోట్ల మందికి అంతమంది నిపుణులను ఎక్కడినుంచి తెస్తాం? ఊళ్లోవాళ్లే ఊళ్లోవాళ్లకు తోడుగా నిలిస్తే? ఈ ప్రశ్నతోనే కేరళలోని తిరువనంతపురం జిల్లా నెయ్యాట్టింకర తాలూకాలో ఒక కార్యక్రమం జరిగింది. 60 పోలింగ్ ప్రాంతాలను ఎంచుకుని, వాటిని చీట్లు తీసినట్లుగా రెండు సగాలు చేశారు. మనం పైన చూసిన లెక్క ప్రకారం 60, ఆపైన మార్కులు వచ్చినవారు, 30 నుంచి 60 ఏళ్లవారు, 1007 మంది ఇందులో చేరారు. సగటున ప్రాంతానికి 16, 17 మంది.

కార్యక్రమం నడిచిన 30 ప్రాంతాల్లో ఏడాదిలో 15 సమావేశాలు ఏర్పాటయ్యాయి. మొదట్లో పరిచయం, నిపుణుల పాఠాలు. మిగిలిన 12 సమావేశాలు నడిపింది డాక్టర్లు కాదు, ఆ గుంపులోంచే వచ్చి శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఎవరు ఏ మార్పు చేయగలరో వారే నిర్ణయించుకోవాలి, మరుసటి సమావేశంలో ఎంతవరకు చేశారో చెప్పాలి. వీటికి తోడు ఊళ్లో నడక బృందాలు, పెరటి కూరగాయలు, యోగా వంటివి సాగాయి. మిగిలిన 30 ప్రాంతాలవారికి ఆరోగ్య సలహాలున్న ఒక పుస్తకం ఇచ్చారు. మీ చేతిలో ఉన్నటువంటి పుస్తకమే అనుకోండి!

రెండేళ్ల తరువాత చూస్తే, పుస్తకం మాత్రమే అందుకున్న ప్రాంతాల్లో నూటికి 17.1 మందికి, కార్యక్రమం నడిచిన ప్రాంతాల్లో 14.9 మందికి మధుమేహం వచ్చింది. తేడా ఉంది గాని చిన్నది. కాకతాళీయంగా కూడా అంత తేడా రావచ్చు కాబట్టి కార్యక్రమం మధుమేహాన్ని ఆపిందని చెప్పడానికి వీల్లేదు. 2018లో ప్రకటించిన నివేదికలో పరిశోధకులు ఈ మాట దాచకుండా రాశారు. పళ్లు, కూరగాయలు తినడం పెరిగింది, మద్యం వాడకం తగ్గింది. ఇవీ మేలైన మార్పులే. అసలు లక్ష్యం మాత్రం స్పష్టంగా అందలేదు.

ఎందుకిలా జరిగి ఉంటుంది? చెన్నైలో చేరినవారందరూ రక్తపరీక్షలో పూర్వదశ అని తేలినవారు. నెయ్యాట్టింకరలో మార్కులనుబట్టి చేర్చుకోవడంతో చక్కెర మామూలుగా ఉన్నవారు కూడా కలిశారు. అటువంటివారికి రెండేళ్లలో జబ్బు వచ్చే అవకాశమే తక్కువ, కాబట్టి ఆపడానికీ అంతగా మిగలదు. వ్యవధి కూడా చిన్నదే. డా చింగ్‌లో 30 ఏళ్ల తరువాత చూసినప్పుడు, జీవనశైలి మార్చుకున్నవారికి మధుమేహం దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చినట్లు, గుండెజబ్బు మరణాలు తగ్గినట్లు తేలింది. ఈ పాఠ రచయిత అభిప్రాయంలో నెయ్యాట్టింకర నేర్పేది గుంపులు వ్యర్థమని కాదు. సూది లేని లెక్కతో మొదలుపెట్టినా, ఎక్కువ మార్కులు వచ్చినవారికి రక్తపరీక్ష కూడా చేయించి, గట్టు మీద ఉన్నవారి మీద ఎక్కువ శ్రమ పెట్టాలి.

14.6 మన పళ్లెం సంగతి

తెలుగువారి భోజనంలో పాలిష్ పట్టిన తెల్లబియ్యానిదే పెద్ద వాటా. "అన్నం మానేశాను, చపాతీలే తింటున్నాను" అని గర్వంగా చెప్పేవారు ఆరేసి చపాతీలు లాగిస్తుంటారు. గోధుమలోనూ పిండి పదార్థమే ఉంది, లెక్క పరిమాణానిది. పంచదార బదులు బెల్లం వేసుకోవడం వల్ల కూడా పెద్ద ఒరిగేదేమీ లేదు. రాగి, జొన్న, కొర్రల్లో పీచు ఎక్కువ కాబట్టి మేలే. రాగి జావలో నాలుగు చెంచాల చక్కెర కలిపితే ఆ మేలు పోతుంది. మానడం కంటె మార్చడం సులువు: అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర, బీరకాయ, సొరకాయ వంటి కూరలు ఒక గరిటె పెంచడం. వంట ఒక్కటే గనుక ఈ మార్పు ఇంటిల్లిపాదికీ అందుతుంది. అందుకే సమావేశాలకు ముప్పున్నవారితోపాటు వంట చేసేవారిని కూడా పిలవాలి.

30 ఏళ్లు దాటినవారి ఇళ్లకు ఆశా కార్యకర్తలు వచ్చి వయస్సు, నడుం కొలత, పొగతాగడం, వ్యాయామం, ఇంట్లోవారి జబ్బుల వివరాలు ఒక ఫారంలో రాసుకుంటారు. మార్కులు నాలుగు దాటితే పరీక్షకు ముందుగా రమ్మంటారు. ఆవిడ టేపు తీసినప్పుడు నవ్వి పంపేయకండి.

అభ్యాసం

1. మీ వీధిలో స్త్రీలు రోజూ అరగంట నడవడానికి ఎదురయ్యే అడ్డంకులు ఏవి? వారినే అడిగి రాయండి.

2. ఒక ఆటో డ్రైవరుకు 52 ఏళ్లు, నడుం 94 సెంటీమీటర్లు, వ్యాయామం లేదు, తల్లిదండ్రులకు మధుమేహం లేదు. 38 ఏళ్ల వ్యవసాయ కూలీ స్త్రీకి నడుం 76 సెంటీమీటర్లు, విడిగా వ్యాయామం చేయదు, తల్లిదండ్రులకు మధుమేహం లేదు. ఇద్దరి మార్కులు లెక్కకట్టండి.

3. చెన్నైలో వచ్చిన ఫలితం నెయ్యాట్టింకరలో ఎందుకు రాలేదో మీ మాటల్లో ఐదారు వాక్యాల్లో రాయండి.

రెండవ ప్రశ్నకు జవాబు: డ్రైవరుకు 70 (కూర్చుని చేసే పని కనుక 30 మార్కులు పడతాయి), కూలీ స్త్రీకి 40.