సముద్రగర్భమునకు గవాక్షము

కొత్తచెరువు ప్రాంతమువారికి చెరువు వింత గాదు. ఊరి పేరే చెరువు. సమీపముననే విజయనగర రాజుల కాలము నాటి బుక్కపట్నము చెరువు కలదు. వానలు తక్కువగా కురియు ఆ సీమలో పూర్వులు కట్టలు పోయించి వాననీటిని నిలువచేసిరి. ఏ చెరువుకట్టను చూచినను ఒక విషయము కానవచ్చును. కట్ట పైభాగమున సన్నముగాను, అడుగున మిక్కిలి వెడల్పుగాను ఉండును. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి హెచ్చుటయే ఇందుకొక ముఖ్య కారణము.

ఆ ఒత్తిడికి ఒక లెక్క కలదు. ప్రతి 10 మీటర్ల లోతునకు, చదరపు సెంటీమీటరు ఒక్కింటిపై ఇంచుమించు ఒక కిలోగ్రాము బరువు అధికమగును. సముద్రమున 6000 మీటర్ల లోతునకు దిగినచో అది 600 కిలోగ్రాములగును. అచ్చట 10 సెంటీమీటర్ల వ్యాసము గల చిన్న కిటికీపై 47 టన్నుల భారము పడును. పది పెద్ద ఏనుగులు ఒక్కసారిగా దానిపై నిలిచినట్లే యనవచ్చును.

ఇట్టి లోతులకు పోవువారు లోహపు గోళములో కూర్చుందురు. గోళాకారము ఒత్తిడిని అన్ని వైపులకు సమముగా పంచుకొనును. కాని వెలుపలి వింతలను కన్నులార చూడవలెనన్న గోళమునకు రంధ్రము చేయక తప్పదు. రంధ్రము చేసినచోట గోళము బలహీనమగును. లోపలివారి ప్రాణములు ఆ కిటికీపై ఆధారపడియుండును.

అమెరికా దేశీయులగు విలియం బీబీ, ఓటిస్ బార్టన్ అనువారు 1930లో ఉక్కుగోళములో కూర్చుండి, బెర్ముడా దీవులకడ సముద్రములోనికి దిగిరి. దాని కిటికీలకు కరగించి పోసిన క్వార్ట్జు పలకలను, 3 అంగుళముల మందము గలవానిని, బిగించిరి. 1932లో ఒక కొత్త కిటికీని అమర్చి, మనుష్యులు లేకుండ గోళమును దింపి పరీక్షించిరి. పైకి లాగునప్పటికి అది నీటితో నిండియుండెను. మర విప్పుచుండగా లోపలి ఒత్తిడికి అది తుపాకిగుండువలె దూసికొనిపోయెను. పలక గట్టిదైనంతమాత్రమున చాలదు. పలకయు లోహమును కలియు అంచు కూడ గట్టిగా నుండవలెనని ఆ పరీక్ష తెల్పినది. వారు 1934లో 923 మీటర్ల లోతునకు క్షేమముగా దిగి వచ్చిరి.

అంతకంటె లోతునకు పోవుటకు తగిన ఉపాయమును స్విట్జర్లాండు దేశీయుడగు ఆగస్ట్ పికార్డ్ కనిపెట్టెను. ఆయన 1931లో బెలూనుపై 15 కిలోమీటర్లకు పైగా ఆకాశమున కెగసిన సాహసి. ఆయన తన నౌక కిటికీకి పలకను విడిచి, కొన నరికిన శంకువు ఆకారము గల దిమ్మను ఎన్నుకొనెను. దాని పెద్ద ముఖము సముద్రమువైపునను, చిన్న ముఖము మనుష్యులవైపునను ఉండును.

పాతకాలపు చెరువు తూమును చూచినవారికి ఇందలి కిటుకు తెలియును. తూమురాతి రంధ్రములో క్రిందికి సన్నగిలు కొయ్యబిరడా నుంచెడివారు. పైనున్న నీరు ఎంతగా నొక్కిన, బిరడా అంత గట్టిగా రంధ్రములో బిగిసికొనును. పికార్డ్ కిటికీయు నట్టిదే. సముద్రము నొక్కినకొలది దిమ్మ తన చట్రములో బిగియును. నీరు చొరబడుటకు సందు ఉండదు. ఒత్తిడికి దిమ్మ ఇంచుక లోనికి జరుగును గనుక, అప్పుడును దాని అంచునకు ఆధారము తప్పకుండునట్లు చట్రమును కొంత లోతుగా చేయుదురు.

దిమ్మను గాజుతో గాక ఆక్రిలిక్ అను పారదర్శకమగు ప్లాస్టిక్కుతో చేసిరి. గాజు పెళుసు, కంటికానని గీత యున్నను, బరువు అచ్చట కేంద్రీకరించి హఠాత్తుగా పగులగొట్టును. ఆక్రిలిక్ కొంచెము లొంగి, బరువును చుట్టును పంచును. అయినను పలుమారులు మునిగి తేలినచో దానిలోను సన్నని బీటలు పుట్టవచ్చును. కావున నిపుణులు దానిని తరచు పరీక్షించి, అవసరమైనపుడు మార్చుచుందురు.

1960 జనవరి 23న పికార్డ్ కుమారుడగు జాక్ పికార్డ్, అమెరికా నౌకాదళమువాడగు డాన్ వాల్ష్, ట్రియెస్ట్ అను నౌకలో పసిఫిక్ మహాసముద్రపు అగాధమునకు దిగిరి. 9000 మీటర్లు దాటిన పిమ్మట నౌక యంతయు కంపించునట్లు పెద్ద శబ్దమయ్యెను. గోళము చెక్కుచెదరలేదు. ఇరువురును ముందునకే సాగి, సుమారు 10,900 మీటర్ల అడుగును చేరిరి. అచ్చట చూడగా, గోళమునకు పైనున్న ప్రవేశమార్గపు కిటికీ బీటవారియుండెను. ఆ మార్గము అప్పుడు నీటితో నిండియుండుటచే లోపల వెలుపల ఒత్తిడి సమానము. తత్క్షణ ప్రమాదము లేదు. కాని పైకి తేలిన తరువాత ఆ మార్గములోని నీటిని గాలితో వెడలగొట్టినగాని వారు వెలుపలికి రాజాలరు. ఇరువది నిమిషములు మాత్రమే అచ్చట నుండి, పైకి వచ్చి సురక్షితముగా బయటపడిరి. గోళపు శంకువు కిటికీ చదరపు సెంటీమీటరునకు సుమారు 1100 కిలోగ్రాముల ఒత్తిడిని భరించెను.

నేడు భారతదేశమును ఈ మార్గమున సాగుచున్నది. 1993లో నెలకొల్పబడిన చెన్నపట్టణపు జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ముగ్గురిని 6000 మీటర్ల లోతునకు గొనిపోవుటకై మత్స్య-6000 అను వాహనమును రూపొందించుచున్నది. దాని మనుష్యులుండు గోళమునకు 2.1 మీటర్ల వ్యాసముతో, 80 మిల్లీమీటర్ల మందముతో టైటానియమును ఎన్నుకొనిరి. 2025 ఆరంభమున చెన్నపట్టణమునకు చేరువనున్న కాట్టుపల్లి ఓడరేవు నీటిలో ఆ వాహనమునకు తొలి పరీక్షలు జరిగినవి.

చెరువుకట్ట తన వెడల్పుతో నీటిని ఆపును. తూముబిరడా యట్లు గాదు. నీటి బలమునే తన బలముగా చేసికొనును. సముద్రపు టడుగున మనుజుని కన్నులకు దారి చూపుచు, ప్రాణములను కాపాడునది ఈ రెండవ ఉపాయమే.