క్వేసారుల నుండి వీచు గాలి

1963లో మార్టెన్ ష్మిట్ అను శాస్త్రజ్ఞుడు 3సి 273 అను చుక్క వర్ణపటమును పరిశీలించి, అది నక్షత్రము కాదనియు, 200 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున నున్నదనియు గుర్తించెను. ఇట్టివే క్వేసారులు. వీని నడుమ ఒక బృహత్తరమైన కృష్ణబిలము ఉండును. దానిచుట్టు సుడి తిరుగుచు లోనికి జారు వాయువు విపరీతముగ వేడెక్కి వెలుగును.

జారిన వాయువంతయు బిలములో పడునని తోచును గాని, అట్లు జరుగదు. కొంత వెలుపలికి విసరివేయబడును. దీనినే క్వేసారు గాలి యందురు.

కంటికి కానరాని ఈ గాలి వేగమును ఎట్లు కొలుతురు? ఇనుము సాయపడును. ఇనుప పరమాణువునకు 26 ఎలక్ట్రానులు కలవు. 25 ఊడిపోయి ఒక్కటే మిగిలినచో, అది 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎక్స్ కిరణములను మ్రింగును. వర్ణపటమున అచ్చట ఒక గుంట యేర్పడును. అయితే ఎక్స్ కిరణములను మన వాతావరణము నేలకు రానీయదు. ప్రాణులకిది మేలే, ఖగోళజ్ఞులకు మాత్రము చిక్కు. కనుకనే 1999లో చంద్ర, ఎక్స్.ఎం.ఎం.-న్యూటన్ అను దూరదర్శినులను ఆకాశమునకు పంపిరి.

సర్పమండలములోని పి.డి.ఎస్. 456 అను క్వేసారును తీసికొందము. దాని గుంట మనకు సుమారు 7.6 వద్ద కనబడును. విద్యార్థులు ఇచ్చటనే పొరబడుదురు. 7.6ను 6.97తో పోల్చి, వేగము కాంతివేగములో నూటికి 9 వంతులని తేల్చివేయుదురు. కాని విశ్వవ్యాకోచము వలన ఆ క్వేసారు కాంతి అంతయు 1.184 రెట్లు సాగి మనలను చేరుచున్నది. ముందుగా ఆ సాగుదలను సరిదిద్దవలెను: 7.6ను 1.184తో హెచ్చింపగా 9.0 వచ్చును. దీనిని 6.97తో భాగింపగా 1.29. దీని వర్గము 1.66. అందులో ఒకటి తీసివేసి, ఒకటి కలిపినదానితో భాగించినచో 0.25 వచ్చును. అనగా గాలి కాంతివేగములో నాలుగవవంతున, సెకనుకు 75,000 కిలోమీటర్ల చొప్పున మనవైపు వచ్చుచున్నది! (రెండు ఎలక్ట్రానులు మిగిలిన ఇనుమైనచో మూలశక్తి 6.7, అప్పుడు వేగము ఇంకను హెచ్చు.) గతిశక్తి వేగవర్గమును బట్టి యుండును గనుక, ఆ చిన్న పొరపాటు శక్తిని సుమారు ఎనిమిదవవంతుకు దించివేయును.

ఈ గాలి అన్ని దిక్కులకును వ్యాపించునని న్యూటన్, న్యూస్టార్ దూరదర్శినుల కలయిక 2015లో తెలిపినది. 2023లో జపాను ప్రయోగించిన క్రిజమ్ మరింత నిశితమైనది. అందలి గ్రాహకము పరమశూన్యమునకు ఒక డిగ్రీలో ఇరువదవవంతు మాత్రమే పైన చల్లబరచబడి, ఒక్కొక్క ఎక్స్ కిరణ కణము తగిలినప్పుడు పుట్టు రవంత వేడిని కొలుచును. ఒకే గుంట యనుకొన్నది ఐదు వేరువేరు వేగముల గుంటలని ఇది 2025లో బయటపెట్టెను. గాలి సాఫీగా వీచుట లేదు. ముద్దలు ముద్దలుగా దూసుకొనివచ్చుచున్నది.

ఏటికి 60 నుండి 300 సూర్యుల బరువుగల పదార్థము ఇట్లు పోవుచున్నదని అంచనా. ఇంత గాలి తగిలినచో చుట్టునున్న గెలాక్సీలోని వాయువు చెదరి, క్రొత్త నక్షత్రముల పుట్టుక మందగింపవలెను గదా! కాని గెలాక్సీ యంతటను వ్యాపించిన వాయుప్రవాహముల శక్తి ఈ గాలి శక్తిలో వెయ్యవ వంతైనను లేదు. ముద్దల సందులగుండా శక్తి జారిపోవుచున్నదా? లేక ఇట్టి ప్రచండవాయువు క్వేసారు జీవితములో పదవవంతు కంటె తక్కువ కాలమే వీచునా? రెండును కావచ్చునని పరిశోధకుల అభిప్రాయము.