దాగిన వ్యసనానికి లెక్క ఎలా?

పట్టుబడిన గంజాయిని తూకం వేయవచ్చు. దానికి బానిసలైన వారిని లెక్కించడం అంత సులభం కాదు. పట్టుబడిన సరుకు తనిఖీల తీవ్రతను తెలుపుతుందే గాని బాధితుల సంఖ్యను తెలుపదు. ఆ సంఖ్య తెలియనిదే చికిత్సకు ఎన్ని పడకలు, ఎందరు వైద్యులు కావాలో నిర్ణయించడం కష్టం. అందుకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది ఇంటింటి సర్వే. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపి, 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో 186 జిల్లాల్లోని 2,00,111 ఇళ్లను సందర్శించారు. అయితే పరువుకు వెరచి నిజం దాచేవారు, ఇల్లు విడిచి తిరిగేవారు ఇందులో చిక్కరు. అందుకే వ్యసనపరులే తోటివారిని పరిచయం చేసే గొలుసు పద్ధతిలో పలు జిల్లాల్లో మరెందరినో కలుసుకున్నారు.

రెండవది గుణక పద్ధతి. ఒక ఏడాదిలో చికిత్సా కేంద్రానికి 60 మంది వచ్చారనుకుందాం. ఆ ఏడాది అక్కడికి వెళ్లినవారు వ్యసనపరులలో పదింట ఒక వంతేనని విచారణలో తేలితే, మొత్తం సంఖ్య సుమారు 600.

మూడవది చెరువులో చేపల లెక్క వంటిది. 100 చేపలకు గుర్తు పెట్టి వదిలి, మళ్లీ వల వేసినప్పుడు పడిన 100లో 20కి గుర్తు ఉంటే, చెరువులో సుమారు 500 చేపలున్నట్లు. మనుషుల విషయంలో ఆ రెండు వలలు చికిత్సా కేంద్రం జాబితా, పోలీసు కేసుల జాబితా. రెండింటిలోనూ ఉన్నవారే గుర్తున్న చేపలు.

సరిహద్దు పల్లెల్లో ఈ లెక్క తప్పే ప్రమాదం అధికం. చిత్తూరు జిల్లావాసి వేలూరులో చికిత్స పొందవచ్చు. ఒకచోట ఇంటిపేరుతో తెలుగులో, మరొకచోట తండ్రి పేరు తొలి అక్షరంతో తమిళంలో నమోదైతే ఒక్కడే ఇద్దరవుతాడు. పోలిక కుదిరిన పేర్లు 20కి బదులు 10 అయితే, 500 కాస్తా 1000 అవుతుంది. పొరుగు రాష్ట్రపు జాబితాను చూడకపోతే ఆ మనిషి అసలు లెక్కకే రాకపోవచ్చు.

కనుక ఏ ఒక్క పద్ధతీ చాలదు. రెండు మూడింటిని పోల్చి, ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పడమే నిజాయితీ. పుట్టిన తేదీ వంటి గుర్తులతో, పేర్లు బయటపడకుండా, సరిహద్దుకు ఇరువైపులా జాబితాలు సరిచూడాలి. ఈ లెక్క ఊరిని వేలెత్తి చూపడానికి కాదు, వైద్యాన్ని ఊరి దరికి చేర్చడానికి.