ఖాళీలు నింపే కంప్యూటరు

“ఖాళీలను పూరింపుము” అనే ప్రశ్న మీకు కొత్త కాదు గదా! కంప్యూటరు తెలుగులో వాక్యాలు చూపించేదీ ఈ పద్ధతిలోనే. కాకపోతే ఖాళీ వదిలి వాక్యం రాయవలసింది మనం, నింపేది అది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియానే తీసుకోండి. దానిని నడిపే ప్రోగ్రాం పేరు మీడియావికీ. తెరమీద కనిపించే “చర్చ”, “చరిత్ర” వంటి మాటలు ప్రోగ్రాంలో నేరుగా రాసి ఉండవు. అక్కడ ఉండేది ఒక్కొక్క మాటకు పెట్టిన గుర్తింపు పేరు మాత్రమే. ఆ పేరుకు ఎదురుగా ఏమి చూపాలో వేరే పట్టికలో ఉంటుంది. భాషకొక పట్టిక. తెలుగు పట్టికలో మాట లేకపోతే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. కనుక ప్రోగ్రాం రాయడం రానివారు కూడా ఆ పట్టికను నింపవచ్చు, నచ్చని మాటకు మంచి మాట సూచించవచ్చు. ఇంగ్లీషు వికీపీడియాలో “విలేజ్ పంప్” అనే చర్చావేదికకు మనవాళ్ళు “రచ్చబండ” అని పేరు పెట్టుకున్నారు. “ఊరి పంపు” అని ఉంటే ఎంత చప్పగా ఉండేదో!

విడి మాటలతో పేచీ లేదు. చిక్కంతా వాక్యాలతోనే. “ఫలానావారు ఫలానా పేజీని మార్చారు” అనాలి. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తుంది, మనకు చివర వస్తుంది. ప్రోగ్రాం రాసేవాడు వాక్యాన్ని ముక్కలు చేసి తన వరుసలో అతికిస్తే, ఎంత గొప్ప అనువాదకుడైనా దానిని తెలుగు చెయ్యలేడు. అందుకే మీడియావికీలో వాక్యం మొత్తం ఒక్కటిగా ఇస్తారు. ఖాళీలకు 1, 2 అని అంకెలు ఉంటాయి. వాటిని మనం ఎటైనా జరుపుకోవచ్చు. మార్చినది ఆడో మగో తెలియకపోయినా, “మార్చారు” అనే గౌరవవాచకం మనల్ని గట్టెక్కిస్తుంది.

లెక్క వచ్చినప్పుడు రెండు రూపాలు రాయాలి: “1 పేజీ ఉంది”, “5 పేజీలు ఉన్నాయి”. జపానువారికి ఒక్క రూపం చాలు. అరబ్బీకి ఆరు కావాలి!

మన భాషకు ఇంకొక తిరకాసు ఉంది. బస్సుల వేళలు చూపడానికి “___కు వెళ్ళు బస్సు” అని రాశామనుకోండి. గుడివాడకు, పమిడిముక్కలకు – బాగానే ఉంది. మచిలీపట్నం వచ్చేసరికి “మచిలీపట్నంకు” అంటుంది కంప్యూటరు! “మచిలీపట్నానికి” అనాలని దానికెలా తెలుస్తుంది? “___ వెళ్ళు బస్సు” అని రాస్తే గొడవే లేదు. ఈ సంగతి ఇంగ్లీషులో ప్రోగ్రాం రాసినవారికి తట్టదు, తెలుగు తెలిసినవారే చూసుకోవాలి.

మీ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు పది రాసి, వాటికి “ను”, “కు”, “లో”, “నుండి” చేర్చి చూడండి. ఏ ప్రత్యయాన్ని ఖాళీ పక్కన నిర్భయంగా పెట్టవచ్చో, ఏది పెట్టకూడదో మీరే తేల్చగలరు.