గండి పూడ్చే లోహం

2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బులు పంచే పథకానికి మొదట ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. అదే ఏడాది కేంబ్రిడ్జిలో రిచర్డ్ ఫ్రెండ్ బృందం పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో, గది ఉష్ణోగ్రతలోనే వెలిగే ఎల్‌ఈడీ చేసి చూపింది. వంద ఎలక్ట్రాన్లు పంపితే సగటున ఒక్క ఫోటాన్ కూడా బయటికి రాలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ లెక్క ఇరవై దాటింది.

మన ఇళ్లలోని ఎల్‌ఈడీకి కావలసిన గాలియం నైట్రైడ్ పొరను వెయ్యి డిగ్రీల వేడిలో పెంచాలి. పెరోవ్‌స్కైట్‌నైతే ద్రావణంగా కలిపి పూత పూయొచ్చు. సీసియం, సీసం (లెడ్) లోహాలకు క్లోరిన్ తోడైతే ఊదా కాంతి, బ్రోమిన్ అయితే ఆకుపచ్చ, అయొడిన్ అయితే ఎరుపు.

చిక్కంతా స్ఫటికం ఉపరితలంలో ఉంది. అక్కడ క్లోరిన్ లాంటి అయాన్లు ఊడిపోయి ఖాళీలు మిగులుతాయి. చెరువు కట్టకు గండి పడినట్టు, వెలుగుగా మారవలసిన శక్తి ఆ ఖాళీల్లోకి జారి వేడిగా పోతుంది. ఊదా రంగులో ఈ నష్టం మరీ ఎక్కువ.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనునయ్ సమంత బృందం 2019లో ప్రకటించిన మందు ఆశ్చర్యపోయేంత తేలికైనది. మిణుకుమిణుకుమనే సీసియం లెడ్ క్లోరైడ్ నానో స్ఫటికాలకు, గది ఉష్ణోగ్రతలోనే, కాడ్మియం క్లోరైడ్ కలిపారు. అంతే, పీల్చుకున్న ఫోటాన్లలో దాదాపు అన్నీ తిరిగి వెలుగై వచ్చాయి. రంగు మాత్రం మారలేదు. క్లోరిన్ ఖాళీలు నిండాయి, వంకరపోయిన స్ఫటిక జాలకం కుదుటపడింది. ఇది కాంతి పడితే వెలగడం. కరెంటుతో వెలిగించడం ఇంకో మెట్టు.

వేసవిలో నలభై డిగ్రీలు దాటే అనంతపురంలో వీధి దీపం వేడికి కూడా నిలవాలి. ఇక్కడ మాంగనీస్ పనికొస్తుంది. సీసం కంటే చిన్న అయాన్ కాబట్టి, కొన్ని చోట్ల సీసం బదులు అది చేరితే జాలకం బిగుసుకుంటుంది.

నన్ను వెంటాడే భయం సీసమే. దాని లవణాలు నీటిలో ఎంతో కొంత కరుగుతాయి. కాడ్మియమూ విషమే. బోరు నీళ్ల మీద బతికే ఊళ్లో పగిలిన బల్బు చివరికి చేరేది చెత్తకుప్పకే కదా! అందుకే 2018లో చైనా శాస్త్రవేత్తలు చేసిన సీసం లేని పెరోవ్‌స్కైట్ మీద నాకు ఎక్కువ ఆశ. వెండి, సోడియం, ఇండియంలతో కూడిన ఆ స్ఫటికంలో ఇసుమంత బిస్మత్ కలిపితే, పీల్చుకున్న అతినీలలోహిత కాంతిని సుమారు 86 శాతం సామర్థ్యంతో వెచ్చని తెల్లని వెలుగుగా మార్చింది, వెయ్యి గంటలకు పైగా నిలిచింది. నేరుగా కరెంటిస్తే మాత్రం ఈ రకం ఇంకా మసకగానే వెలుగుతోంది.