నౌకాదళ డైవరు శిక్షణకు పోయిన బిడ్డకు ఇంటివారి అండ

వికారాబాదు జిల్లాకు సముద్రతీరము లేదు. అయినను ఈ జిల్లా నీరు రెండు దారుల సముద్రమునకే చేరును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుగా పోయి కృష్ణలో కలియును. తాండూరు ప్రక్కన పారు కాగ్నా భీమలో కలిసి, భీమతో పాటు కృష్ణకే చేరును.

నౌకాదళము పేరు ఇప్పుడీ పల్లెలకు క్రొత్త కాదు. 2024 అక్టోబరు 15న పూడూరు మండలము దామగుండము అడవిలో నౌకాదళ రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. నీట మునిగియున్న జలాంతర్గాములకు సందేశములు పంపుటకు ఇట్టి కేంద్రములు ఉద్దేశింపబడినవి. అడవిని గూర్చిన వాదములు కొన్ని జరిగినవి. ఆ చర్చ వేరు. కాని నౌకాదళములో చేరుదునని ఒక కొడుకో కూతురో అనినచో, అందునను డైవరు పనికి పోదునని అనినచో, కంది చేనిలో నిలబడిన తల్లిదండ్రులు చేయవలసినదేమి? ఈ వ్యాసము వారి కొరకు.

డైవరు చేయు పని

డైవరనగా కేవలము గజ ఈతగాడు కాడు. ఓడ అడుగుభాగమును నీటిలోనే పరీక్షించుట, మరమ్మతు చేయుట, మునిగిన వస్తువులను వెదకుట, నీటిలోని ప్రేలుడు పదార్థములను తొలగించుట అతని పనులు. 1971 డిసెంబరులో విశాఖపట్టణము వద్ద మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీని పరీక్షించుటకు నిస్తార్ అను నౌకనుండి డైవర్లు దిగిరి. అదే పేరుతో విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డులో నిర్మించిన క్రొత్త నౌక 2025 జూలై 18న నౌకాదళములో చేరినది.

ఈ పని ఎంత కఠినమో గోదావరి ఒడ్డువారెరుగుదురు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగినపుడు విశాఖనుండి నౌకాదళ డైవర్లును గాలింపునకు వచ్చిరి. ఆ లోతులో, ఆ వడిలో పని సులువు కాలేదు. పడవ అక్టోబరు 22న గాని బయటకు రాలేదు.

చేరిన నాడే ఎవరును డైవరు కారు. నావికులకు తొలి శిక్షణ ఒడిశాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో జరుగును. 2022 నుండి అక్కడ ఆడపిల్లలకును ప్రవేశము కలిగినది. డైవింగు శిక్షణ కొచ్చిలోని నౌకాదళ డైవింగ్ స్కూలులో ఇత్తురు. దీనికి ఇష్టముతో ముందుకు వచ్చినవారినే తీసికొని, వైద్యపరీక్షలో నెగ్గినవారినే నీట దింపుదురు.

నీటి అడుగున ఏమగును?

నీటిలో పది మీటర్లు దిగగానే శరీరముపై ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలగును. తరువాత ప్రతి పది మీటర్లకును అంతంత పెరుగుచుండును. ముందుగా దీనిని చెవి తెలిసికొనును. ముక్కు మూసి, గాలిని చెవులలోనికి నెట్టి ఒత్తిడిని సరిచేసికొనవలెను. జలుబు చేసినపుడు ఆ దారి మూసికొనిపోవును. అప్పుడు మొండిగా దిగినచో కర్ణభేరి చినుగవచ్చును.

పైకి వచ్చునపుడు ప్రమాదము వేరు విధము. ఒత్తిడి తగ్గిన కొలది ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచించును. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో అవి పగులవచ్చును. అదికాక, ఒత్తిడి వలన రక్తములో కరగిన నత్రజని, త్వరగా పైకి వచ్చినవానిలో బుడగలుగా మారును. కీళ్ళనొప్పులు, తిమ్మిరి, ఒక్కొక్కప్పుడు పక్షవాతము కలుగును. ఈ చిహ్నములు కొన్ని గంటల తరువాత కూడ కనబడవచ్చును. ఒత్తిడి గదిలో ఉంచి చేయు చికిత్సయే దీనికి సరియైనది.

ఈ ప్రమాదములన్నింటికిని నియమములు కలవు. కాని ఆ నియమములన్నియు ఒక దానిపై ఆధారపడియున్నవి: బాధ కలిగినపుడు డైవరు నిజము చెప్పవలెను. చెవిలోని నొప్పి పై అధికారికి కనబడదు. చెప్పవలసినవాడు అతడే.

“మందికి ఏం ముఖం చూపిస్తవ్?”

ఇక్కడనే ఇంటివారి మాటకు విలువ వచ్చును. శిక్షణలో ఉన్న కుర్రవానికి జలుబు చేసినదనుకొనుడు. చెప్పినచో ఆనాటికి నీటిలో దింపరు, వెనుకబడును. ఆ రాత్రి తండ్రి ఫోనులో “ఊరంతా నీ గురించే చెప్పుకుంటున్నరు బిడ్డా, ఉత్తగ తిరిగొస్తే మందికి ఏం ముఖం చూపిస్తవ్?” అనెను. తండ్రి ప్రోత్సాహమని తలచి అన్న మాటయే కుర్రవాని నోరు మూయించును. మరునాడు అతడు జలుబును దాచి దిగును.

మోటబావిలో పూడిక తీయు పద్ధతి మీరెరిగినదే. దిగినవాని నడుమునకు త్రాడు కట్టుదుము. పైన ఒకడు దానిని పట్టుకొని నిలుచును. లోపలివాడు త్రాడు లాగగానే, “ఇంకొక గంప తీసి రా” అని పైవాడు అనడు. వెంటనే పైకి లాగును. నౌకాదళ డైవరుకును ఇట్టి త్రాడు ఉండును. లాగుటలోని లెక్కను బట్టి సంకేతములు తెలియును. ఆ త్రాడును పట్టుటకు అక్కడ మనిషి ఉన్నాడు. ఇంటినుండి పోవు త్రాడును మీరు పట్టవలెను.

కాబట్టి బిడ్డ పోవునాడే స్పష్టముగ చెప్పుడు: “పైలం బిడ్డా. నొప్పి ఉంటే దాచకు. కాదంటే తిరిగి రా, మన ఇల్లు ఎక్కడికి పోదు.” డైవింగులో నిలువలేనివాడు చెడిపోయినవాడు కాడు. ఆ పనికి సరిపడు చెవులు, ఊపిరితిత్తులు అందరికి ఉండవు.

పోకముందు

తాండూరు ప్రాంతమున నీరు నిండిన పాత నాపరాతి గనులు కలవు. అంచు నిలువుగా ఉండును. ఎక్కి వచ్చుటకు పట్టు దొరకదు. అభ్యాసమని వానిలో దిగనీయరాదు. ఈత తెలిసిన శిక్షకుని ఎదుటనే నేర్పించుడు. ఊపిరి బిగబట్టు పందెములు అసలే కూడవు. గబగబ పీల్చి వదలి మునిగినచో, గాలి కావలెనను సూచన కలుగకముందే స్పృహ తప్పును. బీడీ, సిగరెట్టు మాన్పించుడు. చెవిలో చీము, ఉబ్బసము ఉన్నచో పరీక్షలో దాచవలదు.

శిక్షణ కాలములో

మన కంది మొదటి రెండు నెలలు నెమ్మదిగా పెరుగును. అది చూచి ఎవరును చేను దున్నివేయరు. కలుపు తీసి ఓపిక పట్టుదురు. శిక్షణయు అట్టిదే. ప్రతిరోజు ఫోను రాలేదని కంగారు పడరాదు. వచ్చినపుడు పురుగుమందు అప్పు, గట్టు తగాదా ముందు పెట్టరాదు. అతడు నిద్రపోయి తెల్లవారి నీటిలో దిగవలసినవాడు. కాని ఇంటిలో నిజముగా ఆపద కలిగినచో దాచవలదు. తరువాత తెలిసిన బిడ్డ మీ ప్రతి మాటను శంకించును. డిసెంబరు, జనవరిలో కంది కోతకు రమ్మని పిలువక, కూలీలను ముందే మాట్లాడుకొనుడు.

2022 నుండి నావికుల నియామకము అగ్నిపథము క్రింద నాలుగేండ్లకు జరుగుచున్నది. వారిలో నాలుగవ వంతుకు మించకుండ కొనసాగింతురు. ఈ లెక్కను మనస్సున ఉంచుకొని, జీతమును నమ్మి పెద్ద అప్పులు చేయవలదు.

సెలవుపై వచ్చినపుడు

కీళ్ళనొప్పి, తిమ్మిరి, తలతిరుగుడు కనబడినచో ఊరి వైద్యముతో సరిపెట్టక, డైవరు అని చెప్పి పెద్దాసుపత్రికి తీసికొనిపోవుడు. అతని యూనిటుకు వెంటనే తెలుపుడు. చెరువులోనో గనిలోనో ఎవరైన మునిగినపుడు “నీవు నేవీలో ఉన్నావు గదా” అని అతనిని ఒంటరిగా దింపరాదు. సామగ్రియు, త్రాడు పట్టు తోటివారును లేని డైవరు మనవలెనే ఒక మనిషి.

గ్రామాధికారులకు

నివాస, జనన ధ్రువపత్రములలోను, మార్కుల పత్రములలోను పేరు, పుట్టినతేది ఒకే విధముగ ఉన్నవో లేదో చూచి, తప్పులున్నచో దరఖాస్తుకు ముందే దిద్దించుకొనుటకు సాయపడుడు. ఉద్యోగమిప్పింతుమని డబ్బడుగు దళారులను నమ్మవలదని గ్రామసభలో చెప్పుడు. పాడుబడిన గనుల చుట్టు కంచె వేయించుడు. ఎవరి బిడ్డయైన శిక్షణనుండి తిరిగివచ్చినచో, రచ్చబండ వద్ద ఎగతాళి కాకుండ చూచు బాధ్యతయు మీదే.

బిడ్డను నీటిలో దింపువారు నౌకాదళమువారు. అతడు త్రాడు లాగినపుడు సిగ్గుపడకుండ లాగునట్లు పెంచవలసినవారు మీరు.