వైద్యంలో గిరాకీని పుట్టించేది ఎవరు?

సరఫరా పెరిగితే ధర తగ్గుతుందనే అర్థశాస్త్ర సూత్రం వెనుక ఒక షరతు ఉంది: ఏది కావాలో, ఎంత కావాలో కొనేవారే నిర్ణయించుకోవాలి. వైద్యంలో ఈ షరతు నిలవదు; ఏ పరీక్ష, ఏ ఆపరేషన్ అవసరమో రోగికి తెలియదు, తెలిసిన వైద్యుడే దానిని సూచించి, తానే చేసి, రుసుము తీసుకుంటాడు. ఇద్దరి మధ్య ఉన్న ఈ తేడాను ‘సమాచార అసమానత’ అంటారు. అమెరికా అర్థశాస్త్రవేత్త కెన్నెత్ యారో 1963లో ప్రచురించిన వ్యాసంలో, వ్యాధి రాకడా చికిత్స ఫలితమూ అనిశ్చితమైనప్పుడు వైద్యసేవను మామూలు సరుకులా చూడలేమని వాదించారు. అంతకు కొద్దిగా ముందు ప్రజారోగ్య పరిశోధకుడు మిల్టన్ రోమర్, బీమా ఉన్నచోట ఆస్పత్రి పడకలు పెరిగితే వాటి వాడకమూ పెరుగుతుందని గమనించారు. సేవ అందించేవారే దాని అవసరాన్ని పెంచే ఈ స్థితికి ‘సరఫరాదారు ప్రేరిత గిరాకీ’ అని పేరు.

తెలంగాణలోని కాన్పులను చూస్తే ఇది కళ్లకు కడుతుంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద మాత్రం 21.5 శాతం. ప్రాణాపాయంలో ఆ కోతే తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అయితే తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు దాటినా సాగవచ్చు, ఏ అర్ధరాత్రో ముగియవచ్చు; సిజేరియన్ సాధారణంగా గంటలో పూర్తవుతుంది, దానికి వేళ ముందే పెట్టుకోవచ్చు, బిల్లూ ఎక్కువే. ఉమ్మనీరు తగ్గిందనో, బిడ్డ మెడకు పేగు చుట్టుకుందనో చెప్పినప్పుడు, ఆ మాటలోని నిజాన్ని తూచే సాధనం లేని కుటుంబం సంతకం పెట్టక ఏం చేస్తుంది? ముహూర్తం చూసుకుని తామే అడిగే కుటుంబాలూ ఉన్నాయి కనుక నింద అంతా వైద్యులదే అనడం న్యాయం కాదు. లాభాపేక్ష లేని ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ సంఖ్య అంత ఉండటం కేవలం డబ్బే కారణం కాదని చూపుతోంది.

అన్నిటికన్నా బాధాకరమైనది దీని కొనసాగింపు: తొలి కాన్పులో కోత పడితే మలి కాన్పుకూ ఆపరేషనే చేయడం పరిపాటి కనుక, నేటి సరఫరా రేపటి గిరాకీని ముందే రాసిపెడుతుంది. ధరలకు పరిమితి పెట్టినంత మాత్రాన ఈ గొలుసు తెగదు. నొప్పుల వేళ గంటల తరబడి గర్భిణి పక్కనే ఉండగల, ఆపరేషన్‌తో ఆదాయం ముడిపడని, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు తొలి కాన్పు నాటికే అందుబాటులో ఉండాలి.